కొబ్బరితోటలలో నల్లతల గొంగళి: దానిని అణచు మిత్రకీటకములు

విశాఖపట్టణపు సముద్రతీరమున భీమునిపట్టణము మొదలు నక్కపల్లి, పాయకరావుపేటల వఱకును, ఉత్తరమున శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానము వఱకును కొబ్బరి చెట్టును కన్నకొడుకుతో సమానముగ నెంచుట మనవారి వాడుక. నాటిన ఆఱేడేండ్లకు గాని యది చక్కగ కాపు పట్టదు. కాపునకు వచ్చిన పిదప రెండు తరముల వారిని పోషించును. ఇట్టి చెట్లు 2014 అక్టోబరు 12వ తేదీన తీరము దాటిన హుద్‌హుద్ తుపానునకును, 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపానునకును విస్తారముగ నేలకొరగినవి. తుపానును ఆపుట మనుష్యుల వశము కాదు. కాని నిలిచియున్న చెట్టును నిలువుననే కృశింపజేయు శత్రువొకటి గలదు. దానిని అణచుట మాత్రము మన చేతిలోని పనియే. అదియే నల్లతల గొంగళిపురుగు.

ఈ వ్యాసమున మేము చెప్పదలచినది ముఖ్యముగ నొక్క మాట. ఈ గొంగళిని చంపు జీవులు మన దేశపు తోటలలోనే యున్నవి. వానిని తగిన వేళ, తగిన లెక్కను, ఊరి రైతులందఱు కలిసి విడిచినయెడల విషపు మందుల యవసరము చాలవఱకు తీఱిపోవును. ఒక్కరు విడిచి తక్కినవారు ఊరకున్నచో ఫలము దక్కదు. ఏలయన, పురుగునకు గాని దాని శత్రువునకు గాని తోటల సరిహద్దు తెలియదు.

శత్రువును గుర్తించుట

ఎండకాలమున కొబ్బరితోట దూరమునుండి చూచువారికి మంట తగిలి మాడినట్లు కనుపించినచో, అది నీటియెద్దడి యని కొందఱు, తెగులని కొందఱు అనుకొందురు. క్రింది మట్టనొకదానిని దింపి ఆకుల అడుగుభాగమును చూచినచో నిజము తెలియును. ఆకు వెంబడి సన్నని పట్టుదారముతోను, పురుగు పెంటతోను కట్టిన సొరంగము వంటి గూడు కనుపించును. దానిని గోటితో చీల్చినచో నల్లని తలయు, ఆకుపచ్చ కలిసిన గోధుమవర్ణపు దేహమును, ఒడలిపై నిడుపు చారలును గల పురుగు చుఱుకుగ కదలును. అదియే మన శత్రువు. ఆకు అడుగున నున్న పచ్చని పదార్థమును అది గోకి తినును. పైపొర మాత్రము మిగిలి, ఎండి, ఆకు మాడినట్లగును.

ఈ పురుగు జీవితమును రైతు తప్పక తెలిసికొనవలెను. తల్లి బూడిదవన్నె గల చిన్న రెక్కలపురుగు. పగలు కదలక, రాత్రివేళ తిరుగును. ముదురు మట్టల ఆకుల అడుగున, పాత గూళ్ళ దాపున నూటికి పైగా గ్రుడ్లు పెట్టును. గ్రుడ్లు సుమారు 5 దినములలో పొదుగును. గొంగళి సుమారు 40 దినములు ఆకు తినును. పిదప ఆ గూటిలోనే పలుచని పట్టుతో చుట్టుకొని సుమారు 12 దినములు నిద్రావస్థలో నుండి, రెక్కలు వచ్చి బయటికి వచ్చును. ఇట్లు రెండు నెలలకొక తరము గడచును. వానకాలమున దీని యుద్ధృతము తగ్గును. జనవరి మొదలు మే వఱకు హెచ్చును.

నష్టమెంతయో చూడుడు. కాసరగోడులోని కేంద్రీయ తోటపంటల పరిశోధన సంస్థవారు లెక్కించినదానిని బట్టి, పురుగు తీవ్రముగ పట్టిన తోటలో మఱుసటి సంవత్సరము కాయల దిగుబడి నూటికి సుమారు 45 పాళ్ళు తగ్గినది. అనగా పురుగు పోయిన పిదపను నష్టము పోదు. కొబ్బరి చెట్టునకు ఏడాదికి పండ్రెండు మొదలు పదునాలుగు క్రొత్త మట్టలు మాత్రమే వచ్చును. తలపై ముప్పదికి పైగా మట్టలుండును. చెడిన మట్టలన్నియు పోయి క్రొత్తవి నిండుటకు రెండేండ్లకు పైగా పట్టును. కావున మాడిన తరువాత మేల్కొనుటకంటె మచ్చలు కనుపించినప్పుడే మేల్కొనుట మేలు.

బదనికల మాట

మామిడిచెట్టు కొమ్మపై బదనిక మొలచి, ఆ చెట్టు సారమునే త్రాగి బ్రదుకుట మనమెఱుగుదుము. అట్లే కొన్ని చిన్న పురుగులు ఇతర పురుగుల దేహముపై గాని, దేహములోపల గాని గ్రుడ్లు పెట్టును. పిల్లలు ఆ దేహమునే తిని పెరుగును. ఆశ్రయమిచ్చిన పురుగు చచ్చును. చెట్టు బదనిక మనకు చేటు. పురుగు బదనిక మనకు మేలు.

మన చెఱకు రైతులకు ఇది క్రొత్త విద్య కాదు. 1913లో చెఱకు పరిశోధనకై స్థాపింపబడిన అనకాపల్లి పరిశోధన స్థానపు పరిసరములలో పీకపురుగును అణచుటకు ట్రైకోగ్రామా అట్టలను తోటలో కట్టుట పలువురు చూచియే యుందురు. ఆ యట్టపై నుండునవి బియ్యపు పురుగు గ్రుడ్లు; వానిలో పెరుగునవి కంటికి ఆనీ ఆనని చిన్న బదనికలు. అవి బయటికి వచ్చి, పీకపురుగు గ్రుడ్లను వెదకి, వానిలో తమ గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డులోనే శత్రువు నశించును. చెఱకున గ్రుడ్డును పట్టుకొన్నట్లు, కొబ్బరిలో గొంగళిని, నిద్రించు పురుగును పట్టుకొందుము. భేదమంతియే.

మన మిత్రులు నలుగురు

మొదటిది గోనియోజస్. నల్లని చీమవలె నుండు చిన్న కందిరీగ. గొంగళి కొంత యెదిగిన పిదప, గూటిలో చొచ్చి దానిని కుట్టి కదలకుండ జేసి, దాని దేహముపై వరుసగ గ్రుడ్లు పెట్టును. పిల్లలు బయటనుండియే దానిని పీల్చి, పదిపండ్రెండు దినములలో గూళ్ళు కట్టుకొని రెక్కల పురుగులగును. ఇందొక వింత గలదు. తల్లి గ్రుడ్లు పెట్టి పోవక, పిల్లలు పెరుగువఱకు అక్కడనే కాచుకొని యుండును. పురుగులలో ఇట్టి మాతృవాత్సల్యము అరుదు.

రెండవది బ్రాకన్. ఇదియు ఎదిగిన గొంగళిని కుట్టి, నిశ్చేష్టమొనర్చి, దానిపై గ్రుడ్లు పెట్టును.

మూడవది ఎలాస్మస్. గొంగళి తిండి మాని నిద్రకు సిద్ధపడు కొద్ది దినములలో దానిని పట్టును.

నాల్గవది బ్రాకిమేరియా. ఇది నిద్రావస్థలో నున్న పురుగులోనికి గ్రుడ్డు చొప్పించును.

ఈ నలుగురును మన దేశమువారే. పరదేశమునుండి తెచ్చినవి కావు. వీనిని విడుచుటచే తేనెటీగలకు గాని, పశువులకు గాని, మనుష్యులకు గాని భయము లేదు. నలుగురిలో సులభముగ పెంచబడి రైతులకు ఎక్కువగ అందునవి గోనియోజస్, బ్రాకన్.

దూరదేశపు దృష్టాంతము

ఇట్టి చిన్న ప్రాణులు పెద్ద తోటలను నిజముగ కాపాడగలవా యని సందేహించువారికి ఫిజీ దీవుల చరిత్ర చెప్పుదుము. 1903 మొదలు మద్రాసు రేవునుండి మన తెలుగువారును, అందు విశాఖపట్టణము జిల్లావారును, కూలి యొప్పందముపై వెళ్ళిన దీవులవి. అచ్చటి కొబ్బరితోటలను లెవువానా యను ఊదావన్నె చిన్న రెక్కలపురుగు పాడుచేయుచుండెను. మందు చల్లుటకు ఎత్తైన చెట్లు లొంగలేదు. 1925లో టోథిల్ అను కీటకశాస్త్రవేత్తయు, ఆయన సహచరులు టెయిలర్, పెయిన్ అనువారును మలయా దేశమునుండి ఒక జాతి ఈగలను ఓడపై తెచ్చిరి. ప్రాణముతో దిగినవి మూడు వందలకు కొంచెము పైన మాత్రమే. వానిని పెంచి విడువగా, కొలది సంవత్సరములలోనే ఆ పురుగు బెడద తీఱిపోయెను.

ఈ కథలో రెండు పాఠములు గలవు. తక్కువ సంఖ్యతో మొదలైనను సరియైన మిత్రుడు దొరికినచో తోట నిలుచును, ఇది మొదటిది. ఆ యీగ ఇతర రెక్కలపురుగులను కూడ పట్టుచుండెననియు, పరదేశపు జీవిని తెచ్చునప్పుడు ముందు వెనుకలు చూడవలెననియు తరువాతి విద్వాంసులు హెచ్చరించిరి, ఇది రెండవది. మనకు ఆ చిక్కు లేదు. మన బదనికలు స్వదేశమువే గనుక, వానిని హెచ్చుగ పెంచి విడుచుటయే మన పని.

ఎప్పుడు, ఎన్ని, ఎట్లు

చాలచోట్ల పని చెడుట ఇచ్చటనే. ఒక తోటలో పురుగులు తఱచుగ ఒకే యీడువై యుండును. అన్నియు నిద్రావస్థలో నున్నప్పుడు గోనియోజసును విడిచినచో దానికి ఆహారము లేదు; అది చచ్చును, లేదా ఎగిరిపోవును. అప్పుడు రైతు బదనికలు పనికిరావని నిందించును. తప్పు బదనికది కాదు, వేళది. కావున గొట్టములు తెప్పించుటకు ముందు మట్ట దింపి గూళ్ళు చీల్చి, లోననున్నది చిన్న గొంగళియా, ఎదిగిన గొంగళియా, నిద్రించు పురుగా యని చూడవలెను. ఎదిగిన గొంగళులు హెచ్చుగ నున్నప్పుడు గోనియోజస్ లేక బ్రాకన్, నిద్రకు సిద్ధపడునవి యున్నప్పుడు ఎలాస్మస్, నిద్రించునవి యున్నప్పుడు బ్రాకిమేరియా విడువవలెను. గ్రుడ్లును, లేబ్రాయపు పురుగులును మాత్రమే యున్నచో రెండు మూడు వారములు వేచియుండవలెను.

ఎన్ని యనగా, కాసరగోడు సంస్థవారు నిర్ణయించిన లెక్క యిది. నూఱు ఎదిగిన గొంగళులకు గోనియోజస్ 21. నిద్రకు సిద్ధపడిన నూఱింటికి ఎలాస్మస్ 50. నిద్రించు నూఱింటికి బ్రాకిమేరియా 32. ఉదాహరణమునకు ఎకరమున 70 చెట్లున్నవనుకొందము. తోటలో అక్కడక్కడ అయిదాఱు చెట్లను పరీక్షింపగా, చెట్టునకు పురుగు పట్టిన మట్టలు 6, మట్టకు ఎదిగిన గొంగళులు 10 తేలినవి. చెట్టునకు 60, ఎకరమునకు 4,200. నూటికి 21 చొప్పున 882 గోనియోజసులు కావలెను. చెట్టునకు పండ్రెండు పదుమూడు పడును. లెక్క చూచుకొనుటకు వీలులేనిచోట చెట్టునకు పది మొదలు ఇరువది వఱకు విడుచుట వాడుక.

విడుచునప్పుడు ఈ జాగ్రత్తలు పాటింపవలెను.

1. బదనికలను విడుచుటకు ముందుగ, పూర్తిగ ఎండిన రెండు మూడు క్రింది మట్టలను మాత్రము కోసి, అదే దినమున కాల్చివేయవలెను. పచ్చదనము మిగిలిన మట్టలను కోయరాదు. మట్టయే చెట్టునకు అన్నము వండు కుండ.

2. గొట్టములను ఎండలో నుంచరాదు. తడిగుడ్డ చుట్టిన పెట్టెలో నీడను తేవలెను. లోన తేనెబొట్టు గల దూదిని చూచుకొనవలెను. తెచ్చిన పిదప జాగు చేయక విడువవలెను.

3. ఎండ తగ్గిన సాయంకాలమున విడువవలెను. వానలోను, పెనుగాలిలోను విడువరాదు.

4. పెంపకపు ఇండ్లలో గోనియోజసులకు కొబ్బరి గొంగళి గూటి వాసన ముందుగ చూపి పంపుట గలదు. అట్లు చూపబడినవి పురుగును త్వరగ వెదకి పట్టును. అట్టివానిని అడిగి తెచ్చుకొనవలెను.

5. పదునైదు దినముల తరువాత మఱల గూళ్ళు చీల్చి చూడవలెను. చచ్చిన గొంగళియు, దాని ప్రక్కన చిన్న చిన్న పట్టుగూళ్ళ వరుసయు కనుపించినచో బదనిక కుదిరినదని యెఱుగవలెను. పురుగు మిగిలియున్నచో వచ్చు తరమునకు మఱల విడువవలెను.

ఒక్క మాట మఱువరాదు. మాడిన మట్ట మఱల పచ్చబడదు. క్రొత్తగ విచ్చిన మట్టలను చూచి ఫలితమును నిర్ణయింపవలెను గాని, పాత మట్టలను చూచి నిరాశపడరాదు. చెట్టునకు ఎఱువును, నీటిని తగ్గింపక యిచ్చినచో అది త్వరగ కోలుకొనును.

విషపు మందు విషయము

కొబ్బరి వేరును కోసి, మోనోక్రోటోఫాస్ మందును సంచితో కట్టి పీల్పించుట పలుచోట్ల నడచిన పద్ధతి. పురుగు చచ్చును, నిజమే. కాని ఆ మందిచ్చిన పిదప 45 దినములు కాయ కోయరాదని నియమము. రోగికిచ్చు బొండము మన తోటలనుండియే పట్టణమునకు పోవుచున్నది. ఆ నియమము తప్పినచో పాపమెవ్వరిదో చెప్పనక్కఱలేదు. అదియుగాక, విషము పీల్చిన గొంగళిపై పెరుగు బదనిక పిల్లకు బ్రదుకు లేదు. ఒక గట్టున మందు, ఒక గట్టున మిత్రకీటకము చెల్లవు. ఈ మందు మనుష్యులకు మిక్కిలి హానికరమగుటచే భారత ప్రభుత్వమువారు 2005లో కూరగాయలపై దాని వాడుకను నిషేధించిరి. 2023లో నూటికి 36 పాళ్ళ ద్రావణమును కూడ నిలిపివేయుటకు ఉత్తరువు చేసిరి.

ఇంకొక హెచ్చరిక. 2016లో తమిళదేశపు పొల్లాచి ప్రాంతమున కనుపించిన సర్పిలాకార తెల్లదోమ పిదప మన గోదావరి తీరమునకును వచ్చినది. ఆకులపై నల్లని మసి చూచి భయపడి, రైతులు మందు చల్ల మొదలిడినచో తెల్లదోమను చంపు బదనికలును, గొంగళిని చంపు బదనికలును ఒక్కసారిగ నశించును. కావున తెల్లదోమకును మందు చల్లుటకు ముందు ఉద్యానశాఖవారిని అడుగవలెను.

అన్ని తోటలకు ఒకటే మందు కాదు

బదనికలు సర్వరోగ నివారిణులని మేము చెప్పుట లేదు. మన మామిడితోటలలో కాయను తొలిచి గుజ్జును, టెంకను తిను గొంగళి యొకటి గలదు. కోస్తా జిల్లాలలో దాని బెడద హెచ్చు. కొబ్బరి గొంగళికి గోనియోజసువలె దీనికి గొట్టములలో పంచదగిన మిత్రుడు రైతుల చేతికి రాలేదు. రాలిన పుచ్చు కాయలను ఏ దినమున కా దినము ఏఱి పూడ్చుట, బెరడు పగుళ్ళలో దాగు పురుగులను శుభ్రపఱచుట, వీలున్నచోట కాయలకు సంచులు కట్టుట దీనికి తగిన పనులు. ఆకులను గూడుగ అల్లు గొంగళికి, గూళ్ళను కోసి కాల్చుటయు, చెట్టు నడుమకు వెలుతురు చొఱనిచ్చుటయు, చెట్ల క్రింది నేలను దున్నుటయు మేలు. ఏ పురుగునకు ఏ విరుగుడో తెలిసి చేయుటయే సేద్యము.

సంఘము చేయదగిన పని

ఒక రైతు తన యెకరమున బదనికలను విడిచెననుకొందము. ప్రక్క యెకరమువాడు ఊరకుండెను. రెండు నెలలలో ఆ యెకరమునుండి రెక్కలపురుగులు రాత్రివేళ ఎగిరి వచ్చి మఱల గ్రుడ్లు పెట్టును. లేదా ప్రక్కవాడు మందు చల్లెను. గాలికి ఆ మందు గట్టు దాటి వచ్చెను. మొదటివాని సొమ్ము రెండు విధములను వ్యర్థమే. కావున ఇది సంఘముగ గాని సాగని పని. సభ్యులు ఈ క్రింది విషయములను వచ్చు సమావేశమున ఆలోచింపవలెనని కోరుచున్నాము.

మొదట, డిసెంబరు నెలనుండి గ్రామమున ఇద్దఱు ముగ్గురు యువకులు పదునైదు దినములకొకసారి తోటలు తిరిగి, గూళ్ళు చీల్చి, పురుగు ఏ దశలో నున్నదో పుస్తకమున వ్రాయవలెను.

రెండవది, బదనికలకు ముందుగనే వ్రాయవలెను. ఇవి అంగడిలోని డబ్బాలు కావు. బియ్యపు పురుగును జొన్ననూకలో పెంచుటకే నెల పదిదినములు పట్టును. దానిపై బదనికను పెంచవలెను. కోనసీమలోని అంబాజీపేటయందు డాక్టరు వై.యస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయపు పరిశోధన స్థానము కొబ్బరి పురుగుల మిత్రకీటకములపై పని చేయుచున్నది. జిల్లా ఉద్యానాధికారి ద్వారా అచ్చటివారి సలహాను సంఘము పేర అడుగుట మంచిది.

మూడవది, సరిహద్దులు కలిసిన తోటలన్నిటిలో ఒకే వారమున విడువవలెను. పేద రైతు తోటకును సంఘ నిధినుండియే విడువవలెను. అది ధర్మకార్యమని కాదు. అతని తోట విడిచిపెట్టినచో తక్కినవారి తోటలు దక్కవు గనుక.

నాల్గవది, పురుగు పట్టిన మట్టలను పెండ్లిపందిళ్ళకును, కప్పులకును పొరుగూళ్ళకు పంపరాదు. పురుగును మనమే బండికెత్తి సాగనంపినట్లగును.

అయిదవది, శ్రద్ధగల యువతీయువకులకు శిక్షణ యిప్పించి, సంఘ భవనమున ఒక గదిలో బదనికల పెంపకము మొదలిడవచ్చును. కావలసినవి కొయ్యపెట్టెలు, జొన్ననూక, గాజు గొట్టములు, తేనె, శుభ్రత, ఓర్పు. వీనిలో కడపటి రెండే కష్టమైనవి.

సహకారమనగా అప్పు తెచ్చుట, ఎఱువు పంచుట మాత్రమే యని కొందఱి తలంపు. పురుగు గట్టు దాటి వచ్చునప్పుడు రైతులును గట్టు దాటి కలియుటయు సహకారమే. ఈ డిసెంబరునకు ముందే ప్రతి గ్రామసంఘమును తోటల జాబితా సిద్ధము చేసి, ఎవరి తోటలో ఎన్ని చెట్లో వ్రాసి యుంచవలెనని మా మనవి. లెక్క ముందున్నచో బదనికలు సకాలమున వచ్చును. అవి సకాలమున వచ్చినచో చెట్టు నిలుచును.